ప్రవీణ దీపం దగ్గర కూర్చుంది

సిద్దిపేట,
జూన్ 2011.

చిరంజీవి దినేశ్‌కు పెద్దత్త బాలలక్ష్మి దీపం ముట్టించి, నీ పేరు తలుచుకొని రాస్తున్నది.

నువ్వు భివండి చేరినట్టు సామ్యూల్ ఫోన్ చేసి చెప్పాడు. నీ ఉత్తరాలు అతని కిరాణా కొట్టుకే పంపమన్నావు, అట్లాగే పంపుతున్నాను. మీ బాపుకు చెవులు వినపడకపోయినా, నువ్వు ఫోన్‌లో మాట్లాడుతుంటే నీ ముఖం చూసి సంగతి పోల్చుకుంటాడు. ఫోన్ కంటే ఇదే మేలు.

నీ కంప్యూటర్ మగ్గం పక్కనే ఉంది. పాత చీర ముక్క ఒకటి కప్పాను. నీ పరీక్ష అందులోని ఆట వల్లే పోయిందని, కంటపడితే పగలగొడతానని మీ బాపు అన్నాడట. కంటపడదులే.

నువ్వు నేర్పినట్టే రోజూ ఆడుతున్నాను. పూజ అయ్యాక, ఒక మూర నేశాక. లోకం ముగిసిపోయిన తర్వాతి ఊరు అది అని నువ్వు చెప్పినప్పుడు భయపడతాననుకున్నాను. భయం వేయలేదు. పెద్ద వంతెన సగంలో విరిగి, అంచున గడ్డి వేలాడుతుంటుంది. నిలిచిపోయిన రైలు డబ్బాల కిటికీల్లోంచి చెట్లు తలలు బయటపెట్టి చూస్తుంటాయి. వాన వెలిశాక ఎవరో ఆడమనిషి ఏ భాషో తెలియని పాట పాడుతుంది. ఆ పాటలోంచి ప్రవీణ నడిచిపోతుంది. తెల్లటి జుట్టు, నల్లటి పొడుగు కోటు. మళ్ళినప్పుడల్లా లోపలి ఎర్ర అస్తరు ఒక్క క్షణం కనిపించి దాక్కుంటుంది. ఆ అంచు తీర్చినవాళ్ళెవరో చేయి తిరిగినవాళ్ళు.

ఆటలో నేను నడిపించే ఆ పిల్లకు ప్రవీణ అని నువ్వే పేరు పెట్టావు. మంచి పేరు.

రాతి దీపం కనిపించిన ప్రతిచోటా ఆమెను కూర్చోబెడుతున్నాను. దీపం దగ్గర కూర్చుంటే అప్పటిదాకా సంపాదించింది పోదన్నావు. నిజమే. కరెంటు పోయి వచ్చినా మళ్ళీ ఆ దీపం దగ్గరే లేస్తున్నది. మనుషులకు కూడా అట్లాంటి చోటు ఒకటి ఉంటే బాగుండును.

గేటు ముందరి ఇనుప ఏనుగును కొడితేనే కథ ముందుకు పోతుందన్నావు. నేను కొట్టలేదు. దూరం నుంచి చూసి వస్తుంటాను. వెనక ఉన్న ఊరే ఇంకా చూడడం అయిపోలేదు.

నేను ఆడుతున్న సంగతి మీ బాపుకు చెప్పనని నీకు మాటిచ్చాను. చెప్పను. అబద్ధం కూడా చెప్పను. రెండూ ఎట్లా కుదురుతాయో దేవుడే చూసుకోవాలి.

వేళకు తినమని చెప్పే,
పెద్దత్త.

తా.క.: శనివారం నేను ఎవరినీ కొట్టను కనుక ప్రవీణ కూడా కొట్టదు. ఆ రోజు ఆకులు ఏరుకుంటుంది.

•

భివండి,
జూలై.

పెద్దక్కకు తమ్ముడు దత్తాత్రి షెడ్డు గడపల కూసొని దండం పెట్టి రాసేది.

ఈడ మేం మంచిగున్నం. నువ్వే గాడ ఎట్లున్నవో అని రంది. టీవీ పెడితే సిద్దిపేటనే చూపెడుతుండ్రు. బందులు, ధర్నాలు, రోడ్ల మీద వంటలు. తెలంగాణ వచ్చేదాంక గిట్లనే ఉంటదట. ఫోన్ చేద్దమంటే ఈ కరెంటు మగ్గాల సాంచెల మోతకు నా చెవులు ఎన్నడో పోయినయి. నువ్వేమన్నా మంచిది మంచిది అని పెట్టేస్త. పోయినసారి గట్లనే మంచిది అన్నంక తెల్సింది, మన మేనమామ పోయిండని చెప్పినవట.

ఒక్కదానివి గాడ ఎందుకుంటవక్కా. ఈడికి రారాదా?

దినేశ్ సాంచెల కాడ నిలబడుతుండు, దారం తెగినా చూస్తలేడు. ఎటో చూస్తుండు. సంబంధాలు ఒక్కటి నిలుస్తలేవు. భివండి సాంచెల పిలగాడంటే పిల్లనిస్తలేరు. వాని అమ్మ పోయినప్పటి సంది ఇంట్ల ఇద్దరం మొగోళ్ళం. చాయ ఎవలు పెట్టాల్నని కూడ లొల్లే. నేను కండ్లు మూసేలోపట ఆ ఇంట్ల ఒక ఆడపిల్ల గాజుల సప్పుడు కావాలె. నాకు వినపడకున్నా సరే.

నీ చేతి కింద పెరిగిన,
దత్తాత్రి.

తా.క.: ఆ కంప్యూటర్ అమ్మినవా? అమ్మకుంటే నేనొచ్చి పగలగొడుత.

•

సిద్దిపేట,
జూలై ఆఖరు.

తమ్ముడు దత్తాత్రికి, నీకు మంచి జరగాలని రోజూ మొక్కే అక్క రాస్తున్నది.

కంప్యూటర్ అమ్మలేదు. చీర కప్పి ఉంచాను.

నేను ఒక్కదాన్నే ఉన్నానని రంది పెట్టుకోకు. ప్రవీణ ఉంది. పూజా నేతా అయ్యాక ఆమెతోనే కూర్చుంటాను. మాట్లాడదు. ఒకసారి నడవడం మొదలుపెడితే ఎంత దూరమైనా పోతుంది. ఆమె నడుస్తుంటే చూడడమే నాకు పని. పక్కింటి హుస్నాబీ కూడా నమాజ్ అయ్యాక తస్బీ పూసలు పట్టుకొని వచ్చి చూస్తుంది. మొన్న, “ఒక్కతే గింత దూరం తిరుగుతది, ఇంట్ల ఎవలూ అడగరా?” అని నన్నే అడిగింది. ఆమె కోసం దువా కూడా చేసింది. ఇద్దరి దేవుళ్ళు కాపాడుతున్నారు కనుక ఆ పిల్లకు ఏమీ కాదు.

చాలా కాలానికి ఇంట్లో ఒక తోడు దొరికింది. పాతబడిపోతుందనుకున్నాను. పాతబడడం లేదు.

నీ క్షేమం కోరే,
అక్క.

తా.క.: దినేశ్‌కు ఆమె నాకంటే ముందే తెలుసు.

•

భివండి,
ఆగస్టు.

పెద్దక్కకు తమ్ముడు దత్తాత్రి రెండు చేతులు జోడించి, నవ్వుకుంట రాసేది.

అసలు సంగతి తీస్కపోయి తా.క.ల పెట్టినవ్. సాంచె బంద్ పెట్టి మళ్ళ సదివిన. వాడు ఎటో చూస్తుండు అంటే గిటే అన్నట్టు. వాన్నేం అడగలే. అడిగితే లేదంటడు. నిన్నే అడుగుత.

ఎవల పిల్ల? మనోళ్లేనా? ఇంటిపేరేంది? తల్లిదండ్రులేం చేస్తరు? నీ ఇంట్ల కిరాయికి ఉన్నదా? వంట వస్తదా?

మాట్లాడది అన్నవు, గది మాత్రం నాకు మస్తు నచ్చింది. ఆమెకు మాట లేదు, నాకు చెవులు లేవు. మామా కోడండ్లకు జన్మల లొల్లి కాదు.

దూరం నడుస్తదంటే కాళ్ళు మంచిగున్నట్టు. హుస్నాబీ మాట పట్టించుకోకు. ఈ కాలపు పిల్లలు తిరుగుతరు.

ఆశతోని,
దత్తాత్రి.

తా.క.: జుట్టు ఎట్లుంటది? వాని అమ్మకు జుట్టు మస్తుండె. అందుకని అడుగుతున్న, ఇంకేం లేదు.

•

సిద్దిపేట,
ఆగస్టు ఆఖరు.

తమ్ముడు దత్తాత్రికి అక్క, దేవుని ముందు కూర్చొని, ఒక్క అక్షరం కల్పించకుండా రాస్తున్నది.

ఆమెకు తల్లిదండ్రులు లేరు. ఊరే లేదు. కొంత నీళ్ళు మింగాయి, మిగిలింది గడ్డి మింగింది. ఇంటిపేరు నాకు తెలియదు. కులం అడిగేవాళ్ళు ఆ ఊళ్ళో ఎవరూ మిగల్లేదు. కిరాయి ఇవ్వదు. తినగా నేను చూడలేదు, కనుక వంట రాదనే అనుకుంటున్నాను. జుట్టు బాగా ఉంది. తెల్లది. ఎప్పుడూ నల్లబట్టలే. వీపున కత్తి ఉంటుంది. ఎంత ఎత్తు మీది నుంచైనా దూకుతుంది, మళ్ళీ లేచి నడుస్తుంది.

నువ్వు అనుకుంటున్నది జరిగేది కాదు తమ్మీ. ఎందుకు కాదో రాయడానికి నేనిచ్చిన మాట ఒకటి అడ్డం ఉంది. ఆ మాట విడిపించుకున్న రోజు రాస్తాను. అప్పటిదాకా ఆశ పెంచుకోకు.

నిన్న నా మనసు బాగోలేదు. వానలో వంతెన చివర ఆమె నిలబడింది, నేనూ ఊరుకున్నాను. నీళ్ళ మీద నీళ్ళు పడుతుంటే ఇద్దరమూ చూస్తూ ఉండిపోయాము. ఆ తర్వాత మనసు తేటపడింది. ఇంతకంటే ఆమె గురించి నాకు తెలియదు.

నీ మేలు కోరే,
అక్క.

తా.క.: మొన్న ఆమెకు నీలం కోటు కొన్నాను. కత్తి కొనమని దుకాణందారు బతిమాలాడు. బట్టలు నేసే ఇంట్లో పుట్టినదాన్ని, కత్తి ఎందుకు కొంటాను. తీరా నీలం నప్పలేదు. మళ్ళీ నలుపే వేశాను.

•

భివండి,
సెప్టెంబర్.

పెద్దక్కకు తమ్ముడు దత్తాత్రి తల వంచుకొని రాసేది.

నీ ఉత్తరం సదివి రెండు దినాలు అన్నం సహించలే. పిల్లకు వంక పెడుతున్నవని కాదు. నువ్వు అన్నీ వంకల్లెక్క రాసినవ్ గని నాకు ఒక్క వంక కనపడలే.

ఊరు మునిగిందంటే డ్యాం కింద పోయినట్టు. ముంపు ఊరి పిల్లకు ఇల్లుండదు, సర్కారు పైసలు చేతికి రావు, అందరు ఆగమైతరు. పాపం కాదా. జుట్టు తెల్లగైతే ఏమాయె, బాలనెరుపు. రంగు డబ్బా నేను కొనిస్త. కత్తి పట్టిందంటే ఉద్యమంల ఉన్నట్టు, జెర జోరు మీదున్నది. పెండ్లయితే కత్తి దించుతది. దించకున్నా ఇంటికి దొంగలు రారు. వంట మా ఇంట్ల ఎవలికి వస్తది గనుక?

కులం సంగతి ఇంకో దినం ఆలోచించిన. మన కులపోళ్ళే గద ఇన్నేండ్లు పిల్లనియ్యనన్నరు. విడిచిపెట్టిన అక్కా. ఏ కులమైనా సరే. నేను కాయిదం మీద రాసిస్తున్న.

ఇంక ఒక్కటే మిగిలింది. జరిగేది కాదన్నవు. అంటే ఆమె కంటికి మేం ఆనలేదా? సాంచెలు నడిపేటోని కొడుకని వద్దన్నదా? గట్లంటే ముఖం మీద చెప్పుమను. చెప్పినా నాకు వినపడదు, గని ముఖం చూస్తే ఎరుకైతది. దసరాకు షెడ్డు బంద్. బస్సులున్నా లేకున్నా వస్తున్న.

నీ మాట ఎన్నడు తీసెయ్యని, గీసారి తీసేస్తున్న,
దత్తాత్రి.

తా.క.: చీర కొన్న. నలుపు మీదికి ఎర్ర అంచు. నేసేటోళ్లింటికి చీర తెస్తున్నడని నవ్వకు.

•

సిద్దిపేట,
సెప్టెంబర్ ఆఖరు.

చిరంజీవి దినేశ్‌కు, నీ మాటకు కట్టుబడి చిక్కులో పడిన పెద్దత్త రాస్తున్నది.

మీ బాపు ప్రవీణను కోడలిగా చేసుకుంటానంటున్నాడు. నేను అబద్ధం రాయలేదు. అయినా ఇంత దూరం వచ్చింది. చీర కూడా కొన్నాడు. ఆ చీర సంగతి చదివాక పూజలో నా మనసు నిలవడం లేదు. ఒక్క ఆశ పట్టుకొని కులం పట్టింపు కూడా వదిలేసిన మనిషికి, ఆ పిల్ల లేదని ఏ నోటితో చెప్పను? నన్ను మాట నుంచి విడిపించు. ఆయన వచ్చేలోపు నేనే మెల్లగా చెప్పుకుంటాను.

ఇక్కడ సకల జనుల సమ్మె నడుస్తున్నది. బొగ్గు లేక కరెంటు ఉండడం లేదు. ప్రవీణ రోజుకు ఎన్నిసార్లు దీపం దగ్గర లేస్తున్నదో. నిన్న గుడి నుంచి వస్తూ బస్టాండు ముందు నిలబడిపోయాను. బస్సులన్నీ వరుసగా ఆగి ఉన్నాయి. చక్రాల సందుల్లో గడ్డి మొలిచింది. షట్టర్లు మూసి ఉన్నాయి, గాలి తప్ప చప్పుడు లేదు. ఆ ఊళ్ళో నడిచీ నడిచీ నా కళ్ళకు ఈ ఊరు కూడా అట్లాగే కనిపించింది. ఒక్క మలుపు తిరగగానే రోడ్డు మధ్యలో పొయ్యి వెలుగుతున్నది. అందరూ వంట చేసుకొని తింటున్నారు. ఒక లోకం మొదలయ్యే ముందు కూడా ఊళ్ళు ఇంత నిమ్మళంగా ఉంటాయేమో అనిపించింది.

నీ జవాబు కోసం చూసే,
పెద్దత్త.

తా.క.: ఇనుప ఏనుగు దగ్గరికి ఇంకా పోలేదు. మీ బాపు కంటే అదే నయం, ఉన్నచోటే ఉంటుంది.

•

భివండి,
అక్టోబర్.

అత్తమ్మకు దినేశ్ కాళ్ళు మొక్కి, వణుకుకుంట రాసేది.

ఈ ఉత్తరం ఊరికొస్తున్న ఎల్లవ్వ చేతికి ఇస్తున్న. బాపు రేపే బైలెల్లుతుండు. ఆపితే ఆగుతలేడు. ఆ చీర మడత ఇప్పుతుండు, మళ్ళ పెడుతుండు.

ఆట సంగతి చెప్పెయ్యి అత్తమ్మా. కంప్యూటర్ పగలగొట్టినా సరే, నన్ను కొట్టినా సరే. గని ఆ పిల్లకు ఆ పేరే ఎందుకు పెట్టిండని బాపు అడిగితే మాత్రం తెల్వదని చెప్పు. నీకు తెల్వదు గనుక అబద్ధం కాదు. నౌకరి వచ్చినంక ఆ పేరున్న పిల్లను అడుగుదమనుకున్న. నౌకరి రాలే. ఏ మొఖం పెట్టుకొని అడగాలె.

ఇంక నన్ను అడగకు.

నీ దినేశ్.

తా.క.: ఏనుగును ముందట నుంచి కొట్టొద్దు. వెనకకు పోవాలె.

•

సిద్దిపేట,
అక్టోబర్ సగం.

చిరంజీవి దినేశ్‌కు, నువ్వు అడగవద్దన్నది అడగకుండానే తెలుసుకున్న పెద్దత్త రాస్తున్నది.

మీ బాపు దసరా వెళ్ళిన శనివారం వచ్చాడు. ఎల్లవ్వ అంతకు ముందు రోజే నీ ఉత్తరం ఇచ్చింది. చెప్పవలసిన మాటలు పేర్చుకొని కూర్చున్నాను. కానీ ఆయన ముందుగా మా ఇంటికి రాలేదు.

బస్సులు లేక ఏదో లారీలో వచ్చి పాత బస్టాండు దగ్గర దిగాడట. అక్కడ రిలే నిరాహార దీక్షల డేరా ఉంది. దాహమై మంచినీళ్ళు అడగడానికి పోయాడు. వినపడదు కదా, తన గొంతు కూడా ఆయనకు తెలియదు. నీళ్ళిచ్చినవాళ్ళు ఎక్కడికి పోవాలని సైగ చేసి అడిగితే డేరా అంతా వినేటట్టు చెప్పాడట, “నేను దినేశ్ బాపును. భివండి నుంచి వచ్చిన. మా అక్క కాడుండే ప్రవీణను చూడాలె.”

దీక్షలో కూర్చున్నవాళ్ళలో ఒక పిల్ల మెడలో దండతోనే లేచి నిలబడింది. చున్నీ తల మీదికి లాక్కున్నది.

ఆ రోజు నిరసన అని అందరూ నల్లబట్టలు వేసుకున్నారు. నినాదాలు ఇచ్చీ ఇచ్చీ ఆ పిల్ల గొంతు పోయింది, నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. దీక్ష కనుక పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. మీ బాపు చూశాడు. నల్లబట్టలు, మాట లేదు, తిండి లేదు. అక్క రాసినట్టే ఉన్నదనుకున్నాడు. జుట్టు నల్లగా కనిపిస్తే, రంగు డబ్బా ఖర్చు తప్పిందనుకున్నాడట. కత్తి ఏదని అడగలేదు, దీక్షలో కూర్చునేవాళ్ళు పక్కన పెట్టి ఉంటారని తనే సర్దిచెప్పుకున్నాడు.

మేము ఆనలేదా అని అడిగాడట. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఆనలేదనో, ఆ మాట తప్పనో ఆయనకు తెలియలేదు. అప్పుడు ఆమె చేతిలోని అట్ట ముక్క వెనక రాసి చూపించింది. అది ఇప్పుడు నా దగ్గరే ఉంది. “నేను ప్రవీణ, కొండపాక మైసయ్య బిడ్డను. మీ కులం కాదు. దినేశ్ కోచింగ్‌ల నా వెనక బెంచి. ఏదో చెప్పాలని రెండేండ్లు నిలబడ్డడు. చెప్పకుండనే పోయిండు.”

మీ బాపు చీర సంచి ఆమె చేతిలో పెట్టి ఏడ్చాడట. డేరాలోవాళ్ళు జై తెలంగాణ అన్నారు.

సాయంత్రం నిమ్మరసం తాగి దీక్ష విడిచాక ఆమెను మా ఇంటికి తీసుకొచ్చాడు. అప్పుడు కరెంటు ఉంది, నేను ఆట ముందున్నాను. చీర ముక్క కప్పడానికి లేవలేదు. ఇక దాచేది ఏముంది. ఆయన తెర ముందు చాలాసేపు నిలబడ్డాడు. తెల్లజుట్టు పిల్ల వంతెన మీద నడుస్తున్నది. తల మీద పేరు రాసి ఉన్నది.

“నువ్వు రాసింది గీమె గురించా?” అన్నాడు.

అవునని తల ఊపాను.

“మరి గీమె?” అని వెనక్కి చూపించాడు.

“నాకు తెలియదు తమ్మీ. దినేశ్‌కు తెలుసు,” అని పెదవులు కనిపించేటట్టు మెల్లగా అన్నాను.

ఆయన మంచం మీద కూర్చున్నాడు. కులం అట్ట ముక్క మీద రాసి ఉంది, ఆయన చేతిలోనే ఉంది. మళ్ళీ చదివాడు. నేను లోపలికి పోయి ఆయన రాసిన ఉత్తరం తెచ్చి పక్కన పెట్టాను.

“నేనే రాసిన,” అన్నాడు. “లేని పిల్లకోసం అన్నీ విడిచిపెట్టిన. ఉన్న పిల్ల ముంగట మళ్ళ పట్టుకుంటనా.”

అప్పుడు కరెంటు పోయింది. తెర ఆరిపోయింది, ఆ ఊరు, వంతెన, వాన అన్నీ పోయాయి. ఇంట్లో దేవుని ముందరి దీపం ఒక్కటే మిగిలింది. పొద్దుటి నుంచి తిండి లేదు కదా, ప్రవీణకు కళ్ళు తిరిగినట్టున్నాయి. మెల్లగా పోయి ఆ దీపం దగ్గర కూర్చుంది. నేను చూస్తూ ఉండిపోయాను. అక్కడ కూర్చుంటే సంపాదించింది పోదని నువ్వే చెప్పావు.

మైసయ్య కూడా ఒప్పుకున్నాడు. నౌకరి సంగతి ఎవరూ అడగలేదు. వచ్చి, ఆ రెండేళ్ళ మాట ఏదో చెప్పి పో.

మీ ఇద్దరి కోసం దీపం ఆరకుండా చూసే,
పెద్దత్త.

తా.క.: దసరాకు మగ్గానికి బొట్టు పెట్టి, తెర మీద ఆ పిల్ల కత్తి ఉన్నచోట కూడా పెట్టాను. ఆమె నడిచిపోయింది, బొట్టు ఆకాశంలో ఉండిపోయింది. తుడవలేదు. మబ్బు పట్టిన ఊరు అది, ఒక సూర్యుడు ఉండనీ.

ఇంకొక తా.క.: తెల్లజుట్టు మీద తన పేరు చూసి మన ప్రవీణ, “ముసలిదాన్ని చేసిండా?” అని గాలి గొంతుతో అడిగింది. కరెంటు వచ్చాక ఏనుగును తను కొడతానన్నది. శనివారం అన్నాను. ఆదివారం దాకా ఆగింది. మంచి కోడలవుతుంది.

చివరి తా.క.: మీ బాపు ఇంకా ఇక్కడే ఉన్నాడు. బస్సులు లేవు, ఎట్లా పోను అని ఆట ముందు నుంచి లేవకుండానే అంటున్నాడు. బస్సులు మొన్నటి నుంచి తిరుగుతున్నాయి. నా వంతు ఎప్పుడు వస్తుందా అని నేనూ హుస్నాబీ గడపలో కూర్చొని ఉన్నాము.